తల్లి కావలి ఎంతవరకు?

(ధ్యాన భాగములు: ఆదికాండము 24:50–61; ఆదికాండము 27:41–46; లూకా 3:14)



డిసెంబరు మాసము వచ్చునప్పటికి దూర ప్రాంతములకు పోయిన బిడ్డలందరు మన తీరపు పల్లెలకు తిరిగి వత్తురు. చెన్నైలో పనికి పోయినవారు, హైదరాబాదులో చదువుకొనువారు వత్తురు. వారితోకూడ మిలిటరీలోనున్న యౌవనస్థులును సెలవు పెట్టుకొని వత్తురు. మందిరమునకు సున్నము వేయుట, నక్షత్రము కట్టుట, రాత్రివేళ ఇంటింటికి పోయి క్రిస్మసు పాటలు పాడుట, ఇవన్నియు వీరందరు కలిసి చేయుదురు. అట్టి పనులలో ఒక సిపాయి చిన్నవానికిని సంఘములోని ఒక చిన్నదానికిని మనస్సులు కలియుట క్రొత్త సంగతి కాదు. పండుగ ముగియును, సెలవు ముగియును, అతడు రైలెక్కి సరిహద్దునకు పోవును. చిన్నదాని చేతిలో సెల్‌ఫోను మాత్రము మిగులును. తల్లి దానిని కనిపెట్టును. అప్పటినుండి ఆ ఇంటిలో సమాధానముండదు.

ఇట్టి సమయమున తల్లి మావంటి కాపరుల యొద్దకు వచ్చి, “అయ్యగారూ, మా పిల్ల మీ మాట వింటుంది. ఆ మిలిటరీ అబ్బాయిని మరచిపొమ్మని మీరే చెప్పండి” అనును. మరునాడు కుమార్తె వచ్చి, “అయ్యగారూ, అమ్మ నా మేలు కోరేదేనని నాకు తెలుసు. కాని నా మనసులో ఏముందో ఒక్కసారైనా అడగలేదు” అనును. ఇద్దరును కన్నీటితోనే చెప్పుదురు. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఏ ఇంటినిగాని మేము వ్రేలెత్తి చూపుట లేదు. అయితే ఈ ఇద్దరి మధ్యనున్న ప్రశ్న ప్రతి క్రైస్తవ గృహమునకు చెందినది. బిడ్డను కాపాడు బాధ్యత ఎక్కడ ముగియును? ఆ బిడ్డ దేవుని యెదుట తన జవాబు తానే చెప్పుకొనవలసిన చోటు ఎక్కడ మొదలగును? ఈ మాసము ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

మొదట ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. తల్లి కావలియుండుట తప్పు కాదు. ఈ కాలపు పిల్లలలో కొందరు తల్లి అడ్డుమాటను పాతకాలపు మూర్ఖత్వముగా ఎంచుచున్నారు. అది న్యాయము కాదు. వరిచేను కంకి వేసినప్పుడు మంచె కట్టి రాత్రింబగళ్లు కాచెడి రైతును ఎవరును మూర్ఖుడనరు. బిడ్డ కంటె చేను గొప్పది కాదు గదా. తొమ్మిది మాసములు మోసి, జ్వరము వచ్చిన రాత్రులు మేల్కొని, కూలి చేసియైనను చదివించిన తల్లికి, ఆ బిడ్డ పోవు త్రోవ ఎట్టిదని అడుగు అధికారము దేవుడే ఇచ్చియున్నాడు.

రెండవది, సిపాయిని గూర్చి తల్లి పడు భయము వట్టి ఊహ కాదు. 2021 జూలై మాసమున జమ్మూ కాశ్మీరులోని రాజౌరీ జిల్లాలో జరిగిన పోరులో మరణించిన జశ్వంత్ రెడ్డి మన పొరుగు తీరమైన బాపట్ల ప్రాంతపు బిడ్డ. అదే సంవత్సరము డిసెంబరు 8న, క్రిస్మసుకు ఇంక పదునేడు దినములుండగా, తమిళనాడులోని కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ఎక్కిన హెలికాప్టరు కూలినప్పుడు, ఆయనతోకూడ చనిపోయిన లాన్స్ నాయక్ సాయితేజ చిత్తూరు జిల్లావాడు. అతనికి భార్యయు ఇద్దరు చిన్నబిడ్డలును ఉండిరి. 2025 మే మాసమున సరిహద్దు కాల్పులలో మరణించిన మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక తండా నుండి వెళ్లినవాడు. ఈ వార్తలు మన పల్లెలలోని తల్లులు చదివిరి, టీవీలో చూచిరి. జెండా కప్పిన పెట్టె ప్రక్కన కూర్చున్న యౌవనస్త్రీ ముఖములో తమ కుమార్తె ముఖమును చూచుకొనిరి. అట్టి తల్లిని చూచి, “ఏమీ కాదులే, అమ్మా” అని తేలికగా పలుకుట ఓదార్పు కాదు. రేపటి సంగతి మన చేతిలో లేదు గనుక అట్టి వాగ్దానము చేయు అధికారము మనకెవరికిని లేదు.

ఇది గాక నిత్యజీవితపు కష్టములును కలవు. సిపాయికి సాధారణముగా ఏటికి రెండు మాసముల వార్షిక సెలవు, మరి ముప్పది దినముల చిన్న సెలవు దొరకును. మిగిలిన కాలమంతయు పటాలముతోనే. పనిచేయు చోటు సరిహద్దయినచో భార్యాబిడ్డలను వెంట ఉంచుకొనుటకు వీలుండదు. కాన్పు వేళ భర్త ప్రక్కన ఉండునో ఉండడో చెప్పలేము. అత్తమామలు మంచివారు కానిచో ఆ చిన్నది ఎవరితో చెప్పుకొనును? తల్లి ఈ లెక్కలన్నియు వేయును. ప్రేమలో పడిన పిల్ల ఈ లెక్కలు వేయదు. అందుచేతనే ఎవరో ఒకరు వేయవలసియున్నది.

అయినను ఇక్కడ ఒక సంగతిని ఆలోచింపవలెను. దూరముననున్న ప్రమాదము మనకు పెద్దదిగా కనబడును, ఇంటి ముంగిటనున్న ప్రమాదమునకు మనము అలవాటుపడియుందుము. 1989 నవంబరులో కావలి దగ్గర తీరము దాటిన పెనుతుపానును మన పెద్దలు మరచిపోలేదు. 2004లో క్రిస్మసు మరునాడు, డిసెంబరు 26, ఆదివారపు ఉదయమున, సముద్రము మన నెల్లూరు తీరము మీదికిని ఉప్పొంగి వచ్చి ప్రాణములను తీసికొనిపోయెను. ఆ ఉదయమున ఒడ్డుననున్నవారిలో ఎవరును యుద్ధమునకు పోలేదు. “మిలిటరీ వానికి ఇవ్వను, కండ్ల యెదుటనే ఉంచుకొందును” అని తల్లి అనుకొనవచ్చును గాని, కండ్ల యెదుట ఉంచుకొనుటయే క్షేమమని ఈ తీరముననున్న మనము ఎట్లు చెప్పగలము? వేటకు పోవువానికి ఇచ్చినను, లారీ నడుపువానికి ఇచ్చినను, తల్లి నిద్రపోని రాత్రులుండును. ప్రమాదము లేని పెండ్లికొడుకు ఈ లోకములో పుట్టలేదు. గనుక, ప్రమాదమున్నదా లేదా అనుటకంటె, ఆ ప్రమాదమును ఎరిగి, దానిని కలిసి మోయుటకు ఈ ఇద్దరును సిద్ధముగా ఉన్నారా అని అడుగుట మంచిది.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. రిబ్కా ఇంటిలో ఏమి జరిగెనో చూడుడి. అబ్రాహాము దాసుడు దూరదేశము నుండి వచ్చెను. పెండ్లికుమారుని ఆ ఇంటివారెవరును చూడలేదు. పోయిన పిల్ల తిరిగి పుట్టింటికి వచ్చునన్న ఆశ లేదు. సంబంధము దేవునివలన కలిగినదని పెద్దలు ఒప్పుకొనిరి. అయినను తెల్లవారి దాసుడు ప్రయాణమునకు లేచినప్పుడు, ఆమె తల్లియు సహోదరుడును ఇంక పది దినములైనను చిన్నది తమయొద్ద ఉండవలెనని అడిగిరి. ఆ పది దినములలో తల్లి హృదయమంతయు ఉన్నది. ఆమె కాదనలేదు, శపించలేదు, అన్నము మానలేదు, చచ్చిపోదునని బెదిరింపలేదు. కొంత వ్యవధి అడిగెను. దాసుడు ఆలస్యము చేయవద్దని వేడుకొనెను. అప్పుడు వారు చేసిన పని మన సంఘములలోని ప్రతి తల్లియు తండ్రియు నేర్చుకొనవలసినది: చిన్నదానినే పిలిచి, ఆమె నోటనే జవాబు వినిరి. ఆమె పోవుటకు ఇష్టపడెను. పెద్దలు ఆమెను దీవించి పంపిరి.

మరియొక చిన్న సంగతి అక్కడ కలదు. వారు రిబ్కాతోకూడ ఆమె దాదిని పంపిరి. ఆ దాది పేరు దెబోరా. చాలాకాలము తరువాత ఆమె మరణమును సమాధిని గూర్చియు ఆదికాండము 35:8 చెప్పుచున్నది. తల్లి తాను వెంట పోలేకపోయినది, గాని తన బిడ్డను చిన్నప్పుడు ఎత్తుకొనిన చేతులను వెంట పంపినది. ఇది కావలి మానివేయుట కాదు. బిడ్డను పట్టుకొనియుండిన కావలి, ఇప్పుడు బిడ్డతో నడిచిపోవు కావలిగా మారినది.

అయితే అదే రిబ్కా తల్లియైన తరువాత ఏమి చేసెనో 27వ అధ్యాయము చెప్పుచున్నది. తన ప్రియ కుమారుడైన యాకోబు మేలు కోరెను, అది నిజమే. కాని ఆ మేలును భర్తతో బహిరంగముగా మాటలాడి సంపాదింపలేదు. మేకపిల్లల చర్మములు కప్పి, గ్రుడ్డి తండ్రిని మోసపుచ్చి సంపాదించెను. దాని ఫలమేమి? అన్న కోపమునకు భయపడి యాకోబు పారిపోవలసివచ్చెను. కొద్ది దినములే గదా అని తల్లి అనుకొనెను. ఆ కొద్ది దినములు ఇరువది ఏండ్లాయెను. అతడు తిరిగి వచ్చి తండ్రియైన ఇస్సాకును చూచెనని గ్రంథములో ఉన్నది. తల్లిని మరల చూచినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. బిడ్డను కాపాడుకొనవలెనని వేసిన ఎత్తే ఆ బిడ్డను ఆమె చేతినుండి తీసివేసెను.

ప్రియులారా, ఈ రెండు అధ్యాయములను ప్రక్క ప్రక్కన ఉంచి చదువుడి. రిబ్కా తల్లి తన భయమును నోటితో చెప్పెను, వ్యవధి అడిగెను, కుమార్తె జవాబును విని దీవించెను. రిబ్కా తన భయమును దాచి, చాటున పని నడిపెను. ఇద్దరిలోను తల్లిప్రేమ ఉన్నది. తేడా ప్రేమలో లేదు, దారిలో ఉన్నది. యౌవనమందు ఎవరి ఇష్టమును పెద్దలు అడిగిరో ఆమెయే పెద్దదైన తరువాత ఇతరుల ఇష్టమును అడుగుట మరచెను. మనలో ఎంతమంది తల్లులు తమ పెండ్లినాడు తమ్మును ఎవరును అడుగలేదని ఇప్పటికిని నొచ్చుకొనుచు, తమ కుమార్తెను అడుగక ఉన్నారో ఆలోచింపుడి.

గనుక తల్లి భయమును పరీక్షించుటకు మేము ఒక కొలతను చెప్పుచున్నాము. ఆ భయమును కుమార్తె ముఖము చూచి ఉన్నదున్నట్లు చెప్పగలరా? “అతడు తాగుతాడేమోనని భయంగా ఉందమ్మా”, “నీ నర్సింగు చదువు సగంలో ఆగిపోతుందేమో”, “అతనికి ఏదైనా అయితే నువ్వు ఎట్లా బ్రతుకుతావు?” ఇవి చెప్పగల భయములు. ఇవి కుమార్తె కొరకైన భయములు. వీటిని విన్న పిల్ల వాదించినను, రాత్రి పండుకొని ఆలోచించును. కాని చెప్పలేని భయములును కలవు. “వాళ్లు ఏ పేటవాళ్లు? మనవాళ్లలో నేను తల ఎత్తుకోలేను” అనునది ఒకటి. “నువ్వు పోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే” అనునది ఇంకొకటి. మొదటిదానిని నోటితో చెప్పుటకు సిగ్గుపడుదుము, ఏలయనగా ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలు పొందు మనము ఆ మాట అనరాదని మన మనస్సాక్షికి తెలియును. రెండవదానిని చెప్పుటకు నోరు రాదు, ఏలయనగా అది మన స్వంత బాధ. అప్పుడేమి చేయుదుము? ఈ భయములకు మొదటి భయముల బట్టలు తొడిగి పంపుదుము. కులమును చెప్పక తాగుడును చెప్పుదుము. ఒంటరితనమును చెప్పక యుద్ధమును చెప్పుదుము. మేకచర్మములు కప్పుట అనగా ఇదియే. బిడ్డలు గ్రుడ్డివారు కారు. స్వరము ఒకటి, చేతులు మరియొకటి అని వారు త్వరగానే కనిపెట్టుదురు. అప్పటినుండి తల్లి చెప్పు నిజమైన హెచ్చరికలను కూడ నమ్మరు. ఇది గొప్ప నష్టము.

ఒంటరితనము సిగ్గుపడవలసినది కాదు. విధవరాలైన తల్లి, “నాకు నీవు తప్ప ఎవరూ లేరు” అని నిజము చెప్పినయెడల, దానికి దారి వెదకవచ్చును. రూతు నయోమిని విడువలేదు. ఆమె పెండ్లి నయోమి ఒడిలోనికి మనుమని తెచ్చెను. దాచిన బాధకు మాత్రము ఎవరును మందు వేయలేరు.

ఈ విషయములో మన బాప్తిస్టు సంఘముల చరిత్రలో ఒక మంచి సాక్ష్యము కలదు. 1840లో సామ్యూల్ డే దొరగారు నెల్లూరికి వచ్చి పని ఆరంభించుటకు ముప్పది ఏండ్లకు పూర్వము, అమెరికా దేశములోని బ్రాడ్‌ఫోర్డు అను ఊరిలో జాన్ హాసెల్టైన్ అను పెద్దమనిషికి ఆన్ అను కుమార్తె ఉండెను. అదోనీరాము జడ్సను అను యౌవనస్థుడు మిషనెరీగా తూర్పు దేశములకు పోవ నిశ్చయించుకొని, 1810లో ఆమె చేయి కోరుచు ఆ తండ్రికి ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరములో అతడు తన మంచితనమును చెప్పుకొనలేదు. మీ కుమార్తెను ఈ లోకములో మరల చూడకపోవుటకు మీరు ఒప్పుకొనగలరా, సముద్రపు అపాయములకును, తగని వాతావరణమునకును, లేమికిని, ఒకవేళ హింసతో కూడిన మరణమునకును ఆమెను పంపగలరా అని అడిగెను. ఎంత కష్టమైన పెండ్లి అడుగుట! తండ్రి ఆ నిర్ణయమును కుమార్తెకే విడిచిపెట్టెను. ఆమె ఒప్పుకొనెను. 1812 ఫిబ్రవరిలో వారికి వివాహమాయెను; ఆ మాసములోనే ఓడ ఎక్కిరి. మరుసటి ఏట మద్రాసునుండి రంగూనుకు పోయిరి. అతడు వ్రాసిన కష్టములన్నియు నిజముగా వచ్చినవి. బర్మా రాజు అతనిని చెరసాలలో వేసినప్పుడు ఆమె అన్నము మోసికొని పోయి అతని ప్రాణము నిలిపెను. 1826లో ఆమె ఆ దేశములోనే కన్నుమూసెను.

ఆ తల్లిదండ్రులకు దుఃఖము కలుగలేదా? తప్పక కలిగియుండును. కాని వారు మోసపోలేదు. వచ్చిన కష్టము ముందు చెప్పిన కష్టమే. అడుగువాడు దాచలేదు, పెద్దలు బలవంతపెట్టలేదు, కుమార్తె తెలిసియే జవాబిచ్చెను. కష్టము రాకుండ చేయుట మన చేతిలో లేదు. మోసము లేకుండ చేయుట మన చేతిలో ఉన్నది.

ఇక సిపాయిని ఎట్లు పరీక్షింపవలెను? యూనిఫారము చూచి మెచ్చుకొనుటయు తప్పే, యూనిఫారము చూచి తోసివేయుటయు తప్పే. మొదటి క్రిస్మసు కాలములో బెత్లెహేములో పసిబిడ్డలను చంపుటకు హేరోదు పంపినవారున్నారు. ఆ తల్లుల ఏడ్పును మత్తయి వ్రాసెను. అదే సువార్తలలో, తన దాసుని కొరకు యేసును వేడుకొనిన కపెర్నహూము శతాధిపతి ఉన్నాడు. కైసరయలో ఇంటివారందరితో దేవునికి భయపడిన కొర్నేలీ ఉన్నాడు. కత్తి ఒకటే, పట్టుకొనిన హృదయములు వేరు.

బాప్తిస్మమిచ్చు యోహాను యొద్దకు సిపాయిలు వచ్చి తామేమి చేయవలెనని అడిగినప్పుడు, ఆయన ఉద్యోగము మానుకొనుడని చెప్పలేదు. మూడు సంగతులు చెప్పెను: బలవంతముచేత ఎవరి సొమ్మును తీసికొనవద్దు, ఎవరిమీదను అబద్ధ నింద వేయవద్దు, జీతముతో తృప్తిపడవలెను. తల్లులారా, అల్లుని కొలుచుటకు ఇంతకంటె మంచి కొలబద్ద మాకు దొరకలేదు.

అతడు బలవంతము చేయువాడా? మీ కుమార్తె వద్దన్నప్పుడు ఆగునా? కోపము వచ్చినప్పుడు తన తల్లితో, చెల్లెండ్రతో, తనకంటె చిన్నవారితో ఎట్లు మాటలాడును? ఫోను ఎత్తనందుకు బెదిరించువాడు పెండ్లియైన తరువాత చేయి ఎత్తును.

అతడు అబద్ధమాడువాడా? తన ఊరు, తన కుటుంబము, తన అప్పులు, తన ఉద్యోగపు స్థితి ఉన్నదున్నట్లు చెప్పెనా? 2022లో ఆరంభమైన అగ్నిపథ్ పద్ధతిలో చేరినవాడైనచో ఆ ఉద్యోగము నాలుగేండ్లదే; వారిలో నూటికి ఇరువది అయిదుగురి వరకే పిమ్మట స్థిరముగా తీసికొందురు; ఆ నాలుగేండ్లలో పెండ్లి చేసికొనరాదని ఆ పథకపు నియమము. ఈ సంగతి చిన్నదానికి చెప్పెనా, లేక వచ్చే పండుగకే పెండ్లి అని మాట ఇచ్చి పోయెనా? అతని ఊరి సంఘకాపరిని అడుగుడి, ఇరుగుపొరుగును అడుగుడి. అడుగుట అనుమానము కాదు, బాధ్యత.

అతడు జీతముతో తృప్తిపడువాడా? కట్నము అడుగువాడు జీతముతో తృప్తి లేనివాడు. 1961వ సంవత్సరపు చట్టము ప్రకారము కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు నేరములే. దేశమును కాచువాడు మామగారి పొలమును అమ్మించుట ఏమి శౌర్యము? తల్లులారా, కట్నము లేదన్న సంతోషములో మిగిలిన రెండు ప్రశ్నలను మాత్రము మరువకుడి.

ఇక కుమార్తెలకు ఒక మాట. పద్దెనిమిది ఏండ్లు నిండిన స్త్రీ తన వివాహమునకు తానే సమ్మతి ఇచ్చునని మన దేశపు చట్టము చెప్పుచున్నది. మీ ఇష్టము లేని పెండ్లి చేయు హక్కు ఎవరికిని లేదు. అట్టి బలవంతమునకు సంఘము తోడ్పడకూడదు. కాని హక్కు ఉన్నదని తొందర ఏల? రిబ్కా జవాబు ఒక్క మాటలో ముగిసెను. అయితే ఆ మాట తల్లి యెదుట, అన్న యెదుట, పగటి వెలుగులో పలికెను. మీ ప్రేమ నిజమైనదైతే వెలుగునకు భయపడదు. పండుగ పది దినములలో మనిషి తన మంచి బట్టలలోనే ఉండును. లెంటు దినములలోను, వానకాలములోను, జీతము ఆలస్యమైన మాసములోను అతడు ఎట్టివాడో తెలియవలెను. యాకోబు రాహేలు కొరకు ఏడు సంవత్సరములు కొలువు చేసెను. ప్రేమచేత అవి అతనికి కొద్ది దినములుగా తోచెను. నాలుగేండ్లు ఓర్వలేని ప్రేమ నలుబది ఏండ్లు ఎట్లు ఓర్చును? ఆ కాలములో మీ చదువు ముగించుకొనుడి. మీ కాళ్ల మీద మీరు నిలువగలిగిననాడు మీ తల్లి భయములో సగము దానంతట అదే పోవును.

సిపాయిలైన తమ్ములారా, మీకును ఒక మాట. అబ్రాహాము దాసుడు అన్నము పెట్టినప్పుడు, తాను వచ్చిన పని చెప్పనిదే భోజనము చేయననెను. మీరును ఆ ఇంటి పిండివంటలు తినకముందే మీ ఉద్దేశమును తల్లిదండ్రులకు చెప్పుడి. పెరటి దారిన పోవువాడు ఇంటికి కావలి కాలేడు. క్రొత్తగా పెండ్లాడినవానిని ఒక సంవత్సరము యుద్ధమునకు పంపక, భార్యను సంతోషపెట్టుటకు ఇంటియొద్ద ఉండనియ్యవలెనని దేవుడు ద్వితీయోపదేశకాండము 24:5లో విధించెను. నేటి పటాలములో అట్టి సెలవు దొరకదు. కాని భార్య సంతోషము దేవుని దృష్టిలో ఎంత విలువైనదో అందువలన తెలిసికొనుడి. పెండ్లియైన వెంటనే మీ పటాలపు రికార్డులలో ఆమె పేరు వ్రాయించుడి. ఇది చిన్న పనిగా కనబడును గాని, రేపు ఏదైన జరిగినప్పుడు ఆమెకు రావలసిన పింఛను మొదలగునవి దానిమీద ఆధారపడియుండును. ప్రేమ పాటలలో మాత్రమే కాదు, కాగితములలోను కనబడవలెను.

సంఘమునకును పని కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దగ్గర మిలిటరీ మాధవరము అని పేరు పొందిన ఊరు ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధమునకు ఆ ఊరినుండి తొంబదిమంది, రెండవదానికి వేయిమందికి పైగా పోయిరని చెప్పుదురు. తరతరములుగా అక్కడ సిపాయి భార్య ఒంటరిది కాదు. ఇరుగుపొరుగు ఇండ్లవారికి ఆ బ్రతుకు తెలియును. మన పల్లెలలో ఒకరిద్దరే ఉందురు గనుక ఆ ధైర్యము సంఘమే ఇయ్యవలెను. భర్త సరిహద్దులోనున్న సహోదరి ఇంటికి స్త్రీల సమాజమువారు వారమునకొకసారి పోవుడి. ఆమె కాన్పుకు వంతులు వేసికొనుడి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములో పని ఉన్నప్పుడు చదువుకొనిన పెద్ద ఎవరైన వెంట పోవుడి. రిబ్కాతో పోయిన దెబోరా వంటి సంఘము ఉన్నదని తెలిసిన తల్లి తన బిడ్డను పంపుటకు అంత వణకదు. మనము అట్టి సంఘముగా లేకున్నచో, తల్లి భయమును తప్పుపట్టుటకు మనకేమి హక్కు?

కడవరి మాట. ఈ మాసమున మనము ఆచరించు పండుగయే ఈ ప్రశ్నకు జవాబు. లోక రక్షకుని పంపునప్పుడు సర్వశక్తిగల దేవుడు నజరేతులోని ఒక పేద చిన్నదాని సమ్మతి లేకుండ పని జరిగింపలేదు. దూత చెప్పెను, ఆమె తన సందేహమును అడిగెను, దూత వివరించెను, ఆమె ఒప్పుకొనిన తరువాతనే దూత వెళ్లెను. ఆమెకు రానున్న దుఃఖమును కూడ దేవుడు దాచలేదు. ఖడ్గము ఆమె హృదయములోనికి దూసికొనిపోవునని వృద్ధుడైన సుమెయోను శిశువును ఎత్తుకొనియే చెప్పెను. తండ్రియైన దేవుడు తన స్వకీయ కుమారుని తనయొద్దనే క్షేమముగా ఉంచుకొనగలడు. కాని మనకొరకు అప్పగించెను. ప్రేమకు కాపాడుటయు తెలియును, అప్పగించుటయు తెలియును. మంచె మీది కావలివాడు చేను కోతకు వచ్చు వరకు కాచును. పండిన తరువాతను కోయనియ్యక నిలిపినయెడల గింజ రాలి నేలపాలగును.

తల్లులారా, కాయుడి, అడుగుడి, పరీక్షింపుడి, పది దినములు కావలెనన్న అడుగుడి. పిమ్మట మీ బిడ్డను పిలిచి ఆమె జవాబు వినుడి. ఆమె జవాబు మీకు నచ్చకపోయినను, అందు పాపము లేనియెడల, దీవించుటకు మీ చేతులు ఎత్తుడి. మీరు పట్టుకొనలేని చోట ఆమెను పట్టుకొను చేయి ఒకటి కలదు. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు గనుక, మీరు ఒక రాత్రియైనను నిద్రపోవచ్చును.

ఈ క్రిస్మసు దినములలో సరిహద్దులలో మేల్కొనియున్న మన బిడ్డలను, వారికొరకు ఎదురుచూచు తల్లులను భార్యలను, జవాబు చెప్పవలసిన మన కుమార్తెలను, సమాధానకర్తయగు ప్రభువు కాపాడును గాక. ఆమేన్.